గడ్డకట్టిన తేనె కల్తీదా, మంచిదేనా? తినొచ్చా?

నయీంనగర్ ఇల్లాలు (హన్మకొండ)

అందరికీ నమస్తే. పోయిన వేసవిలో మా మరిది తాడ్వాయి వైపు పోయినప్పుడు రెండు సీసాల అడవి తేనె తెచ్చాడు. ఒకటి వాడేశాం. రెండోది సంక్రాంతి పిండివంటలప్పుడు తీస్తే అడుగు నుంచి సగం దాకా నెయ్యి పేరుకున్నట్టు గడ్డకట్టి ఉంది. పైన మిగిలింది ముదురు గోధుమ రంగులో పలచగా ఉంది, అడుగుది లేత పసుపు. చెంచాతో గీకితే పలుకులు పలుకులుగా వస్తోంది.

మా మామయ్య "చక్కెర పాకం పోసి అంటగట్టారు" అంటున్నారు. ఎదురింటి అక్కేమో "గడ్డకడితేనే అసలైన తేనె" అంటోంది. సూపర్‌మార్కెట్‌లో కొన్న డబ్బా కూడా అదే అలమరాలో ఉంది, అదేమో కొంచెం కూడా పేరుకోలేదు. ఎవరి మాట నమ్మాలి? తినొచ్చా? కరిగించాలంటే ఎట్లా?

కాజీపేట జంక్షన్

చక్కెర పాకమే అక్కా. తేనె ఎన్నేళ్లున్నా గడ్డకట్టదని మా నాయన చెప్పేవాడు. అమ్మినవాళ్లు మళ్లీ కనిపిస్తే సీసా వాళ్ల చేతికే ఇచ్చెయ్యండి.

పరకాల పోరడు

ఉల్టా చెప్తున్నారు అన్నా. గడ్డకట్టేదే ప్యూర్. కట్టనిదే డూప్లికేట్. ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఎన్నిసార్లు రాలేదు!

కెమిస్ట్రీ సారు (సుబేదారి)

రెండు మాటలూ తప్పే. గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు, స్వచ్ఛతకు సర్టిఫికెట్ కూడా కాదు. తేనెలో ఏముందో తెలిస్తే ఈ గొడవే ఉండదు. ఇంటర్ పిల్లలకు ద్రావణీయత పాఠం చెప్పేటప్పుడు నేను తీసుకునే ఉదాహరణ ఇదే.

వంద గ్రాముల తేనెలో నీళ్లు సుమారు 17 నుంచి 20 గ్రాములు. ఫ్రక్టోజ్ 38 గ్రాములకు అటూఇటూ, గ్లూకోజ్ 31 గ్రాముల దగ్గర. మిగిలింది మాల్టోజ్, సుక్రోజ్ లాంటి ఇతర చక్కెరలు, కొద్దిగా ఆమ్లాలు, ఖనిజాలు, ఎంజైములు, పుప్పొడి. ఇప్పుడు నీళ్ల సంగతి చూడండి. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో గ్లూకోజ్ 90 గ్రాముల వరకే కరుగుతుంది. ఫ్రక్టోజ్ 400 గ్రాముల దాకా కరుగుతుంది. ఆ లెక్కన తేనెలో ఉన్న 17 గ్రాముల నీరు 15, 16 గ్రాముల గ్లూకోజ్‌నే మోయగలదు. ఉన్నది దానికి రెట్టింపు. మిగతా చక్కెరలు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు, కానీ విషయం మాత్రం ఇదే. తేనె అతిసంతృప్త ద్రావణం. అంటే మోయగలిగిన దానికన్నా ఎక్కువ చక్కెరను పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ అదనపు గ్లూకోజ్ బయటికి రావాల్సిందే. పుప్పొడి రేణువో, మైనం తునకో, గాలి బుడగో, పాత పలుకో ఆసరా దొరికితే దాని చుట్టూ స్ఫటికాలు కడుతుంది. అవి బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. ఫ్రక్టోజ్ మాత్రం ద్రవంగానే ఉండిపోతుంది.

మీ సీసాలో అడుగున లేత రంగు, పైన ముదురు రంగు ఉండటానికి కారణం అదే అమ్మా. సన్నటి తెల్లటి గ్లూకోజ్ పలుకుల మీద వెలుగు చెదిరి రంగు తేలినట్టు కనిపిస్తుంది.

కాజీపేట జంక్షన్

సరే సార్. మరి వేసవి, వానాకాలం అంతా బాగుండి సరిగ్గా సంక్రాంతికే ఎందుకు కట్టింది?

కెమిస్ట్రీ సారు (సుబేదారి)

మన చలి వల్ల. తేనె అన్నిటికన్నా తొందరగా గడ్డకట్టేది 14 డిగ్రీల దగ్గర. వరంగల్‌లో పుష్య మాసం రాత్రులు చాలావరకు అటూఇటూ అంతే ఉంటాయి. ఆదిలాబాద్ వైపు ఇంకా కిందికి పోతుంది. మరీ చల్లబడితే తేనె చిక్కబడి గ్లూకోజ్ కదల్లేక ఆ పని నెమ్మదిస్తుంది. 27 డిగ్రీలు దాటినా నెమ్మదిస్తుంది. మన ఎండాకాలం గదుల్లో అసలు మొదలుపెట్టడమే కష్టం.

జగిత్యాల తేనెపెట్టెలు

సారు చెప్పినదానికి పూల సంగతి కలుపుతాను. నా దగ్గర మెల్లిఫెరా అనే పెంపుడు జాతి తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. పూత ఎక్కడ ఉంటే అక్కడికి పెట్టెలు తిప్పుతుంటాం.

తేనె ఎంత తొందరగా గడ్డకడుతుందో ముందుగా నిర్ణయించేది పువ్వు. పొద్దుతిరుగుడు తేనెలో గ్లూకోజ్ పాలు ఎక్కువ, తీసిన కొన్ని వారాల్లోనే గట్టిపడుతుంది. ఆవాల పూత తేనె ఇంకా తొందర. చలిలో తీయడం ఆలస్యమైతే పెట్టెలోనే, తుట్టె గదుల్లో ఉండగానే గడ్డకట్టి, ఎక్స్‌ట్రాక్టర్‌లో (తుట్టెను తిప్పి తేనె తీసే యంత్రం) ఎంత తిప్పినా బయటికి రాదు. పత్తి తేనె కూడా ఆ జాతే. వరంగల్ చుట్టుపక్కల పత్తిచేలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, కాబట్టి ఇక్కడి తేనె పేరుకుంటే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఫ్రక్టోజ్ బాగా ఎక్కువగా ఉండే పూల తేనె అయితే నెలలు, ఏళ్లు ద్రవంగానే ఉంటుంది. అది కూడా స్వచ్ఛమైనదే. పరకాల తమ్ముడి మాట అక్కడే తప్పుతుంది. గడ్డకట్టని తేనె అంతా డూప్లికేట్ కాదు.

ఒకే రైతు, ఒకే పెట్టె. ఫిబ్రవరిలో తీసింది రాయిలా అవుతుంది, జూన్‌లో తీసింది పారుతూనే ఉంటుంది. కొన్నవాళ్లు రెండో సీసా చూసి "పోయినసారి మంచిది ఇచ్చావు, ఈసారి మోసం చేశావు" అంటారు. ఆ మాట పడటం మాకు మస్తు బాధ.

పరకాల పోరడు

అన్నా, మరి సూపర్‌మార్కెట్ తేనె అన్ని బ్రాండ్లదీ ఏడాది పొడుగునా ఒకే తీరుగా పారుతుంది కదా. అన్ని పూలూ ఒకేలా ఉండవు కదా?

జగిత్యాల తేనెపెట్టెలు

మంచి ప్రశ్న. పెద్ద కంపెనీలు ఎన్నో చోట్ల నుంచి కొని కలుపుతాయి. వేడి చేస్తాయి. ఆ వేడికి కంటికి కనిపించని పలుకులు కూడా కరిగిపోతాయి, పులియబెట్టే ఈస్ట్ చస్తుంది. తర్వాత సన్నటి ఫిల్టర్ గుండా నెట్టి పుప్పొడి, మైనం చాలావరకు తీసేస్తాయి. సారు చెప్పిన ఆసరాలు అన్నీ పోయాయి కాబట్టి గ్లూకోజ్‌కు పలుకు కట్టడానికి చాలా కాలం పడుతుంది. షాపులో అద్దంలా మెరిసే తేనెనే జనం కొంటారు, కాబట్టి వాళ్లూ అదే చేస్తారు. అంతమాత్రాన అది కల్తీ అయిపోదు.

కల్తీ లేదని కూడా అనను. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయించింది. 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ నెగ్గింది అయిదే. చాలావరకు దేశంలోని మామూలు పరీక్షలు దాటాయి, జర్మనీలో చేయించిన ఎన్‌ఎంఆర్ పరీక్షలో (అణువుల స్థాయిలో ఏముందో చూసేది) దొరికిపోయాయి. పరీక్షలకు దొరక్కుండా తయారుచేసిన సిరప్‌లు కలుపుతున్నారని ఆ నివేదిక తేల్చింది. ల్యాబ్ పరీక్షలకే చిక్కని దాన్ని మనం ఇంట్లో అగ్గిపుల్లతో ఎట్లా పట్టుకుంటాం?

నర్సంపేట రైతుబిడ్డ

అగ్గిపుల్ల అన్నారు కాబట్టి అడుగుతున్నా. నీళ్ల గ్లాసులో వేస్తే అడుగుకు జారాలి, వత్తి ముంచి వెలిగిస్తే మండాలి, చీమలు పట్టకూడదు, కుక్క ముట్టకూడదు అంటారు. ఇవన్నీ ఉత్తవేనా?

కెమిస్ట్రీ సారు (సుబేదారి)

తేనె అవునో కాదో తేల్చడానికి ఇవేవీ పనికిరావు. చిక్కగా కాచిన బెల్లం పాకం కూడా నీళ్ల గ్లాసులో అడుగుకే జారుతుంది. వత్తి మండటం తేమను బట్టి, మీరు ఎంత ముంచారన్నదాన్ని బట్టి ఉంటుంది. వానాకాలం తీసిన మంచి తేనెతో వత్తి చిటపటలాడి ఆరిపోవచ్చు, నీళ్లు తక్కువున్న పాకంతో చక్కగా మండొచ్చు. చీమలు తేనెకు పడతాయి, మీ వంటింట్లోనే చూడొచ్చు.

గడ్డకట్టిన తీరు చూసి కొంత ఊహించవచ్చు, ఊహ వరకే. ఒక పలుకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. తేనెలోని గ్లూకోజ్ పలుకు చాలావరకు మెత్తగా నలిగి వేళ్ల వేడికి కరిగిపోతుంది. నాలుక మీద పెట్టుకుంటే కరిగేటప్పుడు కాస్త చల్లగా తగులుతుంది. మామూలు చక్కెర పాకం పేరుకుంటే పలుకులు గట్టిగా, అంచులు తేలి, పంటి కింద కరకరలాడతాయి. అయితే నెమ్మదిగా గడ్డకట్టిన మంచి తేనెలో కూడా ముతక పలుకులు వస్తాయి. అందుకే దీన్ని పట్టుకుని ఎవరినీ దొంగ అనకండి.

ఏటూరునాగారం వాసి

ఈ చివరి మాట కోసమే నేను రాస్తున్నాను.

మా వైపు అడవి తేనె తీసేది కోయవాళ్లు. చెట్టు మీదా, బండ చరియల కిందా పెద్ద ఈగ పెట్టే తుట్టె అది. పెట్టెల్లో పెరిగే ఈగ కాదు. రాత్రిపూట పొగ పెట్టి ఎక్కుతారు. కుట్టిందంటే మామూలు కుట్టడం కాదు, కొమ్మ మీద చేతులు వదిలేసే పరిస్థితి. ఎండాకాలంలోనే ఎక్కువ తీస్తారు. ఆ తేనె జీసీసీకి (గిరిజన సహకార సంస్థ) పోస్తారు, సంతలో అమ్ముతారు, మేడారం జాతర దారిలో సీసాలు పెట్టుకుని కూర్చుంటారు. చలికాలం రాగానే పట్నం నుంచి ఎవరో ఒకరు వచ్చి "గడ్డకట్టింది, పాకం కలిపావు" అని నలుగురిలో సీసా తిరిగి ఇస్తారు. ప్రాణం మీదికి తెచ్చుకుని దింపిన తేనెకు ఆ మాట వినడం ఎంత అన్యాయమో ఆలోచించండి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని వాళ్లకు తిరిగి చెప్పడం రాదు. తల వంచుకుని డబ్బులు ఇచ్చేస్తారు.

అడవి తేనెలో ఉన్న అసలు చిక్కు గడ్డకట్టడం కాదు, నీరు. ఈగలు మకరందాన్ని రెక్కలతో విసిరి ఆరబెట్టి, తేమ తగ్గాక గది మీద మైనం మూత వేస్తాయి. మూతలు పడకముందే తుట్టె కోస్తే తేనె పలచగా ఉంటుంది. పిల్లపురుగులు ఉన్న భాగంతో సహా మొత్తం పిండితే దాంట్లోని రసం కూడా కలుస్తుంది. పైగా మన పెద్ద ఈగ తేనెలో మామూలుగానే తేమ ఎక్కువ. అలాంటిది పులుస్తుంది. తెలిసినవాళ్లు పిల్లలున్న భాగం వదిలేసి తేనె ఉన్న పై భాగం మాత్రమే కోసి, పిండకుండా గుడ్డలో వేలాడదీసి కారనిస్తారు. తుట్టె బతుకుతుంది, తేనె శుభ్రంగా ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సింది ఇది: పిండారా, కార్చారా?

ఊళ్లలో బకెట్ మీద తుట్టె ముక్క ఒకటి పెట్టుకుని, కింద పాకం అమ్మేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లకూ వీళ్లకూ తేడా చూడాలి కదా.

కాజీపేట జంక్షన్

అన్నా, బాగా చెప్పారు. మరి పులిసిందని ఎట్లా గుర్తుపట్టాలి?

జగిత్యాల తేనెపెట్టెలు

మూత తిప్పగానే గ్యాస్ సోడా శబ్దం వస్తుంది. పైన నురగ, సన్నటి బుడగలు వస్తూనే ఉంటాయి. వాసన కల్లు వైపు పోతుంది, రుచి పుల్లబడుతుంది. అది వాడకండి. గడ్డకట్టి ఇవేవీ లేకపోతే నిశ్చింతగా తినండి.

ఒక్క జాగ్రత్త. గడ్డకట్టడానికీ పులవడానికీ లంకె ఉంది. గ్లూకోజ్ కిందికి దిగిపోయాక పైన మిగిలిన ద్రవంలో నీటి పాలు పెరుగుతుంది, ఈస్ట్‌కు అక్కడ వీలు చిక్కుతుంది. తేమ 17 శాతం దగ్గర ఉన్న తేనెకు ఆ భయం లేదు. 20 దాటితే ఉంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కూడా 20 శాతమే. కాబట్టి నయీంనగర్ అక్కా, మీ సీసాలో పైన పలచగా నిలిచినదాన్ని ముందు వాసన చూడండి. బాగుంటే పొడి చెంచాతో అడుగుదాకా కలిపేసి వాడుకోండి. తడి చెంచా మాత్రం పెట్టకండి.

నయీంనగర్ ఇల్లాలు (హన్మకొండ)

వాసన మంచిగానే ఉంది, నురగ లేదు. ఇప్పపూల వాసన లీలగా తగులుతోంది కూడా. మామయ్యకు ఏటూరునాగారం అన్న రాసింది చదివి వినిపించాను. కరిగించే పద్ధతి ఎవరైనా చెప్తారా? గ్యాస్ మీద పెట్టమని ఒకరు, ఓవెన్ అని ఒకరు అంటున్నారు.

కెమిస్ట్రీ సారు (సుబేదారి)

రెండూ వద్దు. వెడల్పు గిన్నెలో నీళ్లు వేడి చేసి పొయ్యి మీంచి దింపెయ్యండి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి, అంటే 40 నుంచి 45 డిగ్రీలు చాలు. అడుగున మడత పెట్టిన గుడ్డ వేసి, మూత వదులు చేసిన గాజు సీసా అందులో నిలబెట్టండి. నీళ్లు సీసాలో తేనె ఉన్నంత ఎత్తుకు రావాలి, మూతిదాకా రాకూడదు. చల్లారితే నీళ్లు మార్చండి. మధ్యమధ్యలో పొడి చెంచాతో కలపండి. సీసా పెద్దదైతే కొన్ని గంటలు పడుతుంది, తొందరపడొద్దు. ప్లాస్టిక్ సీసా అయితే ముందు గాజుదానిలోకి తీసుకోండి.

పలుకులు పూర్తిగా కరగాలి. నాలుగు మిగిలినా వాటి చుట్టూ మళ్లీ కడుతుంది. మొత్తం సీసాను పదేపదే వేడిచేస్తే రంగు ముదిరి, వాసన పోతుంది, ఎంజైములు దెబ్బతింటాయి. ఎక్కువ వేడికి హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. దానికి మన దేశంలో కిలోకు 80 మిల్లీగ్రాముల హద్దు ఉంది. మైక్రోవేవ్‌లో ఒకచోట ఉడికి, ఇంకోచోట గడ్డగానే ఉంటుంది. అందుకని వారానికి కావలసినంత చిన్న సీసాలోకి తీసుకుని అదొక్కటే కరిగించుకోండి. లేదంటే ఏప్రిల్ దాకా ఆగండి, వంటింటి అలమరాలోనే మెత్తబడుతుంది. ఎండలో, కారులో మాత్రం పెట్టొద్దు.

అశోక్‌నగర్ ఆయుర్వేదం

చరక సంహిత తేనెను వేడి చేయొద్దనే చెప్తుంది. మరుగుతున్న నీళ్లలో, పొయ్యి మీది కషాయంలో కలపొద్దు. గోరువెచ్చగా అయ్యాక కలుపుకోండి. సారు చెప్పిన పద్ధతిలో చేతికి ఓర్చేంత వేడి దాటదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నన్నడిగితే కరిగించకుండా తినడమే మేలు.

మంచిర్యాల మైసమ్మగడ్డ

ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టదా?

జగిత్యాల తేనెపెట్టెలు

ఫ్రిజ్ అవసరమే లేదు తేనెకు. అక్కడ చిక్కబడి పోయడానికి రాదు, తలుపు దగ్గర అరలో అయితే గడ్డకట్టడం ఇంకా తొందర. మూత బిగించి వెలుతురు తగలని చోట పెట్టండి. తేనె గాల్లోని తేమను పీల్చుకుంటుంది, అందుకే వానాకాలం మూత మీద ధ్యాస ఉండాలి.

ఆయుర్వేదం మేడమ్ అన్నట్టు గడ్డకట్టింది గడ్డగానే తినడం నాకూ ఇష్టం. జొన్నరొట్టె మీద పూస్తే కారిపోదు. కెనడా, అమెరికాల్లో అయితే కావాలనే గడ్డకట్టిస్తారు. డైస్ అనే ఆయన 1935లో ఆ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. కరిగించిన తేనెలో పదోవంతు దాకా సన్నపలుకుల తేనె తోడు వేసి, 14 డిగ్రీల దగ్గర ఉంచితే మొత్తం వెన్నలా గట్టిపడుతుంది. మన ఇళ్లలో జనవరి నెలలో ఏ మెషీనూ లేకుండా అయిపోతుంది. తోడు వేసే తేనెను ముందు రోట్లో మెత్తగా నూరుకోవాలి, అంతే.

భూపాలపల్లి నాన్న

మా పాపకు వచ్చేవారం 21వ రోజు. నాలుకకు తేనె రాయాలని మా అమ్మ అంటోంది. ఇలా అడవి నుంచి తెచ్చిన స్వచ్ఛమైనదైతే పర్వాలేదా?

ఎంజీఎం దారి నర్సు

వద్దన్నా. ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. మనకు అవి ఏమీ చేయవు. పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మలబద్ధకం, ఏడుపు బలహీనపడటం, పాలు పీల్చలేకపోవడం, మెడ వాలిపోవడం, ఊపిరి అందకపోవడం దాకా పోతుంది. వేడి చేసినా, కరిగించినా ఆ బీజాలు చావవు. కంపెనీదైనా అడవిదైనా ఒకటే. మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, పాప మొదటి పుట్టినరోజు దాటాక వారి చేతులతోనే నాకించమనండి. ఇప్పుడు తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దు.

భూపాలపల్లి నాన్న

చాలా థ్యాంక్స్ అక్కా. అమ్మకు మీ మెసేజ్ చూపించాను, సరే అంది.

నర్సంపేట రైతుబిడ్డ

షుగర్ ఉన్నవాళ్ల సంగతి?

ఎంజీఎం దారి నర్సు

తేనెలో 80 శాతం దాకా చక్కెరలే. గడ్డదైనా ద్రవమైనా లెక్క అంతే. డాక్టర్‌ను అడిగే తీసుకోండి.

మంచిర్యాల మైసమ్మగడ్డ

ఇంకొక్కటి. సంతలో బీరు సీసా లెక్కన అమ్ముతారు, "కిలో" అంటారు. నిజంగా కిలో ఉంటుందా?

ఏటూరునాగారం వాసి

తేనె నీళ్లకన్నా బరువు, లీటరు తేనె దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు తూగుతుంది. 650 మిల్లీలీటర్ల బీరు సీసా మూతిదాకా నింపితే 900 గ్రాముల పైచిలుకు. 750 సీసా నిండితే కిలో దాటుతుంది. కాటా ఉంటే ఖాళీ సీసా బరువు తీసి తూకం వేయించుకోండి. తేనె తీసిన ఊరు, నెల కాగితం మీద రాసి సీసాకు అంటించమని అడగండి. మా వైపు చాలామంది ఇప్పుడు అట్లా రాసే ఇస్తున్నారు.